కోలాచల మల్లినాథసూరి: వంశగౌరవం, విద్యాగౌరవం

సంస్కృత పంచమహాకావ్యాలను గురుముఖతః అభ్యసించినవారిలో కోలాచల మల్లినాథసూరి పేరు ఎరుగనివారు ఉండరు. రఘువంశ, కుమారసంభవ, కిరాతార్జునీయ, శిశుపాలవధ, నైషధీయచరితాలు అయిదింటికీ, మేఘసందేశానికీ వ్యాఖ్యానాలు రచించి, ఆ కావ్యాలను చదువుకొనే మార్గాన్నే నిర్దేశించిన మహావిద్వాంసుడాయన. ఆసేతుహిమాచలం పాఠశాలల్లో మూలశ్లోకం క్రిందనే ఆయన వాక్యం నిలిచింది. అయినా ఆయన జీవితాన్ని గూర్చి ప్రసంగం వచ్చినప్పుడు అది తరచుగా ఒకే చోటికి చేరుతుంది. ఆయన ఏ ఊరివాడు? ఏ సీమవాడు? ఏ వంశంవాడు? ఈ ప్రశ్నలు పరిశోధనకు అవసరమైనవే. కాని గౌరవమంతా వాటి సమాధానాలలోనే ఉన్నదనుకొంటే, ఆయన తన గౌరవాన్ని దేనిమీద నిలుపుకొన్నాడన్న ముఖ్యవిషయం మరుగున పడుతుంది. ఆ విషయాన్ని ఆయన జీవితవిశేషాల ద్వారా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జన్మస్థానం

కోలాచలం మల్లినాథుని ఇంటిపేరు. అది గ్రామనామం నుండి వచ్చింది. మెదకు పట్టణానికి దక్షిణంగా ఉన్న కొల్చారమే ఆ గ్రామమని విద్వాంసులలో బహుళాంగీకారం పొందిన మతం. ఈ కొల్చారంలో పార్శ్వనాథ తీర్థంకరుని ప్రాచీన శిలావిగ్రహం ఉంది. జైనులకు అది నేటికీ యాత్రాస్థలం. వైదిక విద్వత్కుటుంబానికి ఇంటిపేరునిచ్చిన గ్రామమే జైనులకూ పుణ్యక్షేత్రం కావడం గమనింపదగినది. ఒక ఊరి గతం ఒకే సముదాయానికి చెందిన సొత్తు కాదు.

సిద్దిపేట చాలకాలం మెదకు జిల్లాలో భాగంగా ఉండేది. 2016 అక్టోబరు 11న మెదకు, కరీంనగర్, వరంగల్ జిల్లాల భాగాలను కలిపి సిద్దిపేటను ప్రత్యేక జిల్లాగా ఏర్పాటు చేశారు. కొల్చారం మెదకు జిల్లాలోనే ఉండిపోయింది. ముందునాటి వరకు సిద్దిపేటలోని సంస్కృతాధ్యాపకుడు మల్లినాథుడు తమ జిల్లావాడని చెప్పుకొంటే కాదనేవారు లేరు. మరునాటినుండి ఆ మాట చెల్లదు. ప్రభుత్వాదేశం ఒక్కటి వెలువడినంతనే చేజారిపోయే గౌరవం ఎంతటి గౌరవం? అంతకు పూర్వమూ ఎల్లలు ఇట్లే మారినవి. కాకతీయుల రాజ్యం, బహమనీల రాజ్యం, గోలకొండ, హైదరాబాదు సంస్థానం, 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుండి తెలంగాణ. ఈ ఎల్లలన్నిటి నడుమ మల్లినాథుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా స్వకీయుడయ్యాడు. ఎల్లలు మారినప్పుడెల్లా మారనిది ఆయన వ్యాఖ్యానం ఒక్కటే. సంజీవని సహాయంతో రఘువంశం చదువుకొన్న సిద్దిపేట విద్యార్థి 2016లో కోల్పోయినది ఏమీ లేదు.

కాలం, వంశం

మల్లినాథుని కాలనిర్ణయానికి ఆయన గ్రంథాలే ప్రధానాధారాలు. శిశుపాలవధ వ్యాఖ్యలో ఆయన వసంతరాజీయమనే నాట్యశాస్త్రగ్రంథాన్ని ఉదాహరించాడు. కొండవీటి ప్రభువైన కుమారగిరిరెడ్డికి వసంతరాజని బిరుదు. ఆయన రాజ్యకాలం 1386 నుండి 1402 వరకు. కనుక మల్లినాథుని రచనలో ఆ భాగం అంతకు ముందుది కాజాలదు. మరొక రచన ఆయనను విజయనగర ప్రభువైన రెండవ దేవరాయల కాలానికి, అనగా 1424, 1446 సంవత్సరాల నడిమికాలానికి చేరుస్తుంది. దానిని గూర్చి ముందు చెప్పవలసి ఉన్నది.

వంశం మాటకు వస్తే చిక్కులు ఎక్కువ. మల్లినాథుని కుమారుడు కుమారస్వామి. విద్యానాథుని ప్రతాపరుద్రీయానికి రత్నాపణమనే వ్యాఖ్య రచించిన విద్వాంసుడితడే. సోమయాజి అయిన ఈయన తన గ్రంథంలో తండ్రి మల్లినాథుడనీ, అన్న పెద్దయార్యుడనీ స్పష్టంగా చెప్పుకొన్నాడు. కాని ఆ వంశంలోనే తరువాత పుట్టిన నారాయణపండితుడు చంపూరామాయణ వ్యాఖ్యలో వంశక్రమాన్ని వేరొక రీతిగా చెప్పాడు. ఆయన చెప్పిన ప్రకారం, శతావధానిగా ప్రసిద్ధుడై కాకతి ప్రతాపరుద్రుని సత్కారం పొందిన మల్లినాథుడు ఒకడు. అతని కుమారుడు కపర్ది, శ్రౌతకల్పానికి కారికలు వ్రాసినవాడు. కపర్దికి మల్లినాథుడు, పెద్దుభట్టు అని ఇద్దరు కుమారులు. ఆ పెద్దుభట్టు కుమారుడే కుమారస్వామి.

కుమారుడు స్వయంగా తండ్రి పేరు చెప్పుకొన్నచోట, అదే వంశంలోని అనంతరీకుడు వేరొకరిని తండ్రిగా చెప్పినాడన్నమాట. ప్రతాపరుద్రుని పాలన 1323లో ముగిసింది. ఆయనచే సత్కృతుడైన తాతకూ, రెండవ దేవరాయల కాలం నాటి మనుమనికీ నడుమ శతాబ్దం ఎడమున్నది. ఈ విరోధాన్ని పరిహరించడానికి పరిశోధకులు పలువిధాల ప్రయత్నించారు. మల్లినాథుడూ పెద్దుభట్టూ ఒక్కరేనని కొందరు, వేరని కొందరు నిర్ణయించారు. లోకంలో మల్లినాథునికే పెద్దుభట్టు అనే పేరు వాడుకలో ఉంది. బాల్యంలో మందబుద్ధి అయి, తరువాత పట్టుదలతో విద్య సంపాదించినవాడని ఆ పేరిట జనశ్రుతి కూడ ఉన్నది. చారిత్రకంగా దాని విలువ ఎంతైనా, లోకం ఆ మహావిద్వాంసుని పుట్టుకతో వచ్చిన ప్రతిభావంతునిగా కాక సాధనతో ఎదిగినవానిగా తలచుకొన్నదన్నది విశేషం.

ఇక్కడ ఒక తారతమ్యం స్పష్టమవుతుంది. వంశవృక్షంలో ఒక కొమ్మ ఎక్కడ అతుకవలెనో అన్న వివాదం నేటికీ తీరలేదు. సంజీవని, ఘంటాపథం, సర్వంకష ఒకే చేతి రచనలన్న విషయంలో వివాదమే లేదు. వంశం సందిగ్ధం, కృతి అసందిగ్ధం.

తనను గూర్చి తాను చెప్పుకొన్నది

మల్లినాథుడు గర్వం లేనివాడు కాదు. రఘువంశ వ్యాఖ్యారంభంలో తనను గూర్చి సగర్వంగానే చెప్పుకొన్నాడు. అయితే ఆ గర్వానికి ఆధారంగా ఆయన చూపినవి ఏవి? కణాదుని వైశేషికం, వ్యాసుని వేదాంతం, మీమాంసాతంత్రం, పతంజలి మహాభాష్యం, అక్షపాదుని న్యాయం. ఈ శాస్త్రాలలో తాను చేసిన పరిశ్రమను ఒక్కొక్కటిగా పేర్కొన్నాడు. చివర విద్వాంసుల సౌజన్యం వల్ల పుట్టే కీర్తిని ప్రస్తావించాడు. ఈ పట్టికలో కులం లేదు, గోత్రం లేదు, సీమ లేదు, తాతకు జరిగిన రాజసత్కారం లేదు. నారాయణపండితుని మాట నిజమైతే, కాకతీయ చక్రవర్తి చేతిమీదుగా సత్కారం పొందిన పితామహుడు ఆయనకు ఉన్నాడు. మరొకరైతే ఆ విషయంతోనే గ్రంథం ఆరంభించేవారు. మల్లినాథుడు దానిని తలపెట్టలేదు.

గ్రంథాంత గద్యాలు చూచినా ఇదే తెలుస్తుంది. మహామహోపాధ్యాయ పదం, పదవాక్యప్రమాణాలలో పారంగతుడనే విశేషణం, కోలాచల నామం, తన పేరు, గ్రంథం పేరు. ఇందులో మొదటి రెండూ విద్యవల్ల వచ్చినవి. వ్యాకరణ, మీమాంసా, న్యాయాల ప్రావీణ్యాన్ని చెప్పేవి. కోలాచలం మాత్రం ఊరి జాడ. ఊరి పేరు ఆయనకు చిరునామా, బిరుదు కాదు.

కుమారస్వామి గద్యంలో తండ్రి, అన్న ఇద్దరూ కనిపిస్తారు. ఇది దోషం కాదు. తండ్రివద్ద విద్య నేర్చినవాడు తండ్రిని స్మరించడం ఋణస్వీకారం. అయితే కుమారస్వామికి విద్వల్లోకంలో స్థానం లభించింది మల్లినాథుని కుమారుడైనందుకు కాదు, అలంకారశాస్త్రంలో రత్నాపణం వంటి గ్రంథాన్ని నిర్మించినందుకు. పూర్వులను స్మరించడం ఒకటి, పూర్వుల పేరుతో వెలకట్టించుకోవడం మరొకటి. మొదటిది కృతజ్ఞత. రెండవది అన్యుల ధనంతో చేసే వ్యాపారం.

వ్యాఖ్యానపద్ధతి

అదే ఉపోద్ఘాతంలో మల్లినాథుడు తనకు తాను విధించుకొన్న నియమం విద్యార్థులందరికీ తెలిసినదే. అన్వయక్రమంలోనే అర్థం చెప్పాలి. ఆధారం లేనిది వ్రాయరాదు. అవసరం లేనిది పలుకరాదు. ఈ నియమంలో వ్యాఖ్యాత అధికారం ఎక్కడినుండి వస్తున్నదో గమనించాలి. ఫలానా వంశంలో పుట్టాను కనుక నా మాట నమ్మండి అన్న ధోరణి ఇందులో లేదు. ప్రతి అర్థానికీ ప్రమాణం చూపవలసిందే. అందుకే ఆయన వ్యాఖ్యలో పాణిని సూత్రం, అమరసింహుని కోశం, యాదవప్రకాశుని వైజయంతి, విశ్వకోశం, హలాయుధం, మనుస్మృతి, కామందకం అడుగడుగునా కనిపిస్తాయి. వ్యాఖ్య చదివే బాలునికి సైతం ఆ ప్రమాణాలను పరీక్షించే అవకాశం ఆయన ఇచ్చాడు.

పూర్వవ్యాఖ్యాతల విషయంలోనూ ఆయన దృష్టి ఇట్టిదే. కాళిదాసవాణి దుర్వ్యాఖ్యలనే విషంతో మూర్ఛిల్లిందనీ, దానిని తన వ్యాఖ్య బ్రతికిస్తుందనీ చెప్పి సంజీవని అని పేరు పెట్టాడు. ఆ మాటలో ధైర్యం ఉంది. కాని ఆ దుర్వ్యాఖ్యలు ఫలానా దేశంవారివి, ఫలానా వర్గంవారివి అని ఆయన అనలేదు. ఆ ప్రక్కనే కాళిదాసు హృదయం కాళిదాసుకో, సరస్వతికో, బ్రహ్మకో తెలియవలెను గాని తనవంటివారికి పూర్తిగా తెలియదని వినయం చూపాడు. దక్షిణావర్తనాథుడు మున్నగువారు నడిచిన త్రోవలో తాను నడుస్తున్నానని స్పష్టంగా అంగీకరించాడు. దోషాన్ని సముదాయాలకు అంటగట్టక, ఋణాన్ని వ్యక్తి పేరుతో ఒప్పుకోవడం ఆయన మర్యాద.

ఆయన పరిశ్రమ కావ్యాలతో ముగియలేదు. భట్టికావ్యానికి సర్వపథీనం, విద్యాధరుని ఏకావళికి తరళం, వరదరాజుని తార్కికరక్షకు నిష్కంటకం రచించాడు. కిరాతార్జునీయ వ్యాఖ్యకు ఘంటాపథమనీ, శిశుపాలవధ వ్యాఖ్యకు సర్వంకష అనీ, నైషధ వ్యాఖ్యకు జీవాతువనీ పేర్లు. భారవి వాక్కును నారికేళఫలంతో పోల్చినవాడు ఆయనే. పై పెంకు కఠినం, లోపలి సారం మధురం. ఆ పెంకు పగులగొట్టి విద్యార్థి చేతికి సారం అందించే పని ఆయన తనపై వేసుకొన్నాడు. ఇంతటి విద్వాంసుడు తన పేరుతో గొప్ప కావ్యం నిలుపుకొనే ప్రయత్నంకన్న, పరుల కావ్యాలు సుగమం చేయడానికే ఆయుష్షును ఎక్కువగా వెచ్చించాడు. కీర్తి దానంతట అదే వెంట వచ్చింది.

వైశ్యవంశసుధార్ణవం

మల్లినాథుని జీవితంలో సముదాయ ప్రతిష్ఠ అనే విషయం ప్రత్యక్షంగా ఎదురైన ఘట్టం ఒకటున్నది. రెండవ దేవరాయల కాలంలో వర్తకుల నడుమ వాణిజ్యాధికారాలను గూర్చి వివాదం వచ్చింది. కంచిలోని ఒక శాసనంలో ఉన్న పదాల అర్థం మీద ఆ వివాదం ఆధారపడింది. వైశ్య, వణిక్, నాగర, ఊరుజ మొదలైన పదాలు ఎవరిని చెబుతాయి? అవి అన్నీ ఒకే వర్గానికి పేర్లా, వేర్వేరు వర్గాలకా? ఈ విచారణకు రాజు మల్లినాథుని నియమించాడు. ఆ సందర్భంలో పుట్టిన గ్రంథమే వైశ్యవంశసుధార్ణవం. ఈ గ్రంథాన్ని పరిశోధకలోకం దృష్టికి తెచ్చినవారు డాక్టర్ వి. రాఘవన్.

ఈ ఘట్టం చెప్పే విషయాలు రెండు. మొదటిది, సముదాయనామం వట్టి మాట కాదు. దానివెనుక బ్రతుకుతెరువు ఉన్నది. ఫలానా పేరుకు తాను చెందుతానా లేదా అన్నదానిమీద ఒక వర్తకుడు ఏ పట్టణంలో ఏ సరకు అమ్ముకోగలడో ఆధారపడినప్పుడు, ఆ పేరును అతడు గట్టిగా పట్టుకోవడం సహజం. వర్గాభిమానాన్ని వట్టి అజ్ఞానమని కొట్టివేయడం కూడ న్యాయం కాదు. అన్యాయం వర్గాన్ని చూచి జరిగినప్పుడు, ఎదుర్కోవడం కూడ వర్గంగానే జరుగుతుంది.

రెండవది, ఆ వివాదం తీర్చడానికి రాజు వెదకినది వాదివర్గంలో పెద్దను కాదు, ప్రతివాదివర్గంలో పెద్దను కాదు. పదాల అర్థం ప్రమాణపూర్వకంగా చెప్పగలవానిని. కాళిదాసు శ్లోకంలో ఒక పదానికి అర్థం నిర్ణయించే బుద్ధియే ఇక్కడ జనుల జీవనాధికారాలకు సంబంధించిన పదాలను పరిశీలించింది. సముదాయాల గౌరవమే తీర్పుకోసం ఒక వ్యక్తి విద్యను ఆశ్రయించవలసి వచ్చిందన్నమాట.

రఘువంశం నేర్పే పాఠం

మల్లినాథుడు వ్యాఖ్యానించిన కావ్యాలలో వంశాన్నే పేరుగా పెట్టుకొన్నది రఘువంశం. ఆ కావ్యం 19 సర్గలకూ ఆయన వ్యాఖ్య ఉన్నది. సాధారణంగా పాఠశాలల్లో మొదటి సర్గలు మాత్రమే చదివి వదలిపెట్టడం వల్ల, అది సూర్యవంశ స్తోత్రమన్న అభిప్రాయం ఏర్పడుతుంది. గోసేవ చేసిన దిలీపుడు, విశ్వజిద్యాగంలో సర్వస్వం దానం చేసిన రఘువు, శ్రీరాముడు. ఇంతవరకు వంశం వెలుగుతుంది. కాని కాళిదాసు అక్కడ ఆగలేదు. చివరి సర్గలో అగ్నివర్ణుడు వస్తాడు. దర్శనం కోరిన ప్రజలకు ముఖమైనా చూపక, గవాక్షంలోనుండి పాదం మాత్రం చూపిన భోగలాలసుడతడు. క్షయరోగంతో అతడు మరణించి, గర్భవతియైన రాణి సింహాసనం అధిష్ఠించిన చోట కావ్యం ముగుస్తుంది.

దిలీపునిదీ అగ్నివర్ణునిదీ ఒకే వంశం. వంశమే గౌరవానికి ఆధారమైతే ఇద్దరికీ సమానగౌరవం దక్కాలి. కావ్యం చదివినవారెవరూ అట్లా భావించరు. మల్లినాథుడు దిలీపుని శ్లోకాలకు చేసిన శ్రద్ధతోనే అగ్నివర్ణుని శ్లోకాలకూ అర్థం చెప్పాడు. వంశకీర్తికి భంగమని దేనినీ మరుగుపరచలేదు. సంజీవనితో 19 సర్గలూ పూర్తిగా చదివిన విద్యార్థికి వంశగౌరవాన్ని గూర్చి వేరే ఉపన్యాసం అవసరం లేదు.

కృతిని కాపాడినవారు

మల్లినాథుని గ్రంథాలు అచ్చులో ఎట్లా నిలిచినవో చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. సర్వపథీనంతో భట్టికావ్యాన్నీ, తరళంతో ఏకావళినీ, రత్నాపణంతో ప్రతాపరుద్రీయాన్నీ బొంబాయి సంస్కృత గ్రంథమాలలో పరిష్కరించి ప్రకటించినవారు కమలాశంకర ప్రాణశంకర త్రివేది. సంజీవనీసహితమైన రఘువంశాన్ని 1897లో విపులమైన టిప్పణులతో పరిష్కరించినవారు గోపాల రఘునాథ నందర్గీకర్. బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయం ఈ వ్యాఖ్యలను దేశమంతటా వ్యాపింపజేసింది. తెలుగు లిపిలో ఈ కావ్యాలను విద్యార్థులకు అందించిన ఘనత మద్రాసులోని వావిళ్ల వారిది. వీరిలో త్రివేది, నందర్గీకర్లు తెలుగువారు కారు. కొల్చారంతో వారికి సంబంధం లేదు. వారు చేసిన పరిశ్రమయే వారికి మల్లినాథునితో ఏర్పడిన బంధుత్వం.

అయితే ప్రాంతాభిమానానికి విద్యారంగంలో స్థానమే లేదా? ఉన్నది. తెలంగాణంలో కవులు లేరన్న ఆక్షేపణ వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. 354 మంది కవుల పద్యాలను అందులో చేర్చారు. ఆ ఆక్షేపణ ఒక సముదాయంపై వచ్చినది. దానికి ఆయన ఇచ్చిన సమాధానం మాత్రం ఒక్కొక్క వ్యక్తి ఒక్కొక్క పద్యంగా వ్రాసి చూపినది. మా ప్రాంతం గొప్పదని ప్రతిజ్ఞ చేసి ఊరకుండలేదు, హేతువు చూపారు. హేతువు లేని ప్రతిజ్ఞ నిలువదని తర్కశాస్త్రం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆధారం లేనిది వ్రాయరాదన్న మల్లినాథుని నియమానికి ఇది ఆధునికమైన ఉదాహరణ.

కావున ప్రాంతం, వంశం, గురుపరంపర మనిషికి ఇచ్చేవి సాధనాలు. కపర్ది వంటి పూర్వులున్న ఇంట పుట్టడం, కాకతీయుల కాలంనుండి శాస్త్రచర్చ నిలిచిన సీమలో పెరగడం మల్లినాథునికి లభించిన సంపద. అది ఆయన ఋషిఋణం. దానిని ఆయన అధ్యయనంతో, వ్యాఖ్యానంతో తీర్చాడు. ఆ ఋణాన్నే సొంత సంపాదనగా చాటుకోలేదు. ఆయన తరువాత వచ్చినవారికి రెండు మార్గాలున్నవి. ఆయన మావాడని చెప్పుకోవడం సులభం. అందుకు ఒక్క శ్లోకమైనా చదువనక్కరలేదు. ఆయన గ్రంథం విప్పి, ఒక శ్లోకానికి పదచ్ఛేదం చేసి, అన్వయం కుదిర్చి, ప్రమాణం వెదకి, శిష్యునికి చెప్పగలగడం కష్టం. ఆ కష్టపడినవాడు సిద్దిపేటవాడైనా, కాశీవాడైనా, కేరళీయుడైనా మల్లినాథుని పరంపరలోనివాడే. కొల్చారంలోనే పుట్టి, సంజీవనిలో ఒక్క పుట తెరవనివానికి ఆ ఊరి పేరు మాత్రమే మిగులుతుంది.